తారాజువ్వకి రాని ఉత్తరాలు

నసీమా గీసే బొమ్మల కథకి ఉత్తరాలు రావడం లేదు.

గుంటూరు నుంచి వచ్చి విజయవాడలో ఒక పిల్లల వారపత్రికలో చేరిన పిల్ల. వారానికొక పేజీ గీస్తుంది. కథలో వీరనారి పేరు తారాజువ్వ. మొదట్లో దానికి ఎగరడం ఒక్కటే వచ్చు. ఉత్తరాలు రాకపోయేసరికి నసీమా దాని వేళ్ళలోంచి మంటలు పుట్టించింది. అప్పటికీ రాకపోతే కొండలు ఎత్తించింది. మూడు నెలల్లో మూడంటే మూడు ఉత్తరాలు. అందులో రెండు ఒంగోలు కుర్రాడొకడివే. అవీ విలన్ మీసాలు బాగున్నాయని.

"ఈ వారం పేజీ చూస్తా. ఇలాగే ఉంటే ఆ చోట్లో పొడుపుకథలు వేసుకుందాం" అన్నాడు ఎడిటరు.

నసీమా పేజీ పట్టుకుని కోటయ్య మాస్టారి గదికి వెళ్ళింది. ఆమెకి కలం పట్టుకోవడం నేర్పింది ఆయనే. ముప్పై ఏళ్ళు బొమ్మల కథలు గీసి, ఒకసారి ఒక పత్రికవాళ్ళు తన సంతకం చెరిపి అచ్చు వేశారని ఆ పనే మానేసిన మనిషి. ఆ పత్రిక మూతపడి పదేళ్ళయింది. అయినా దాని ఎడిటరు ఉండే వీధిలో ఆయన ఇప్పటికీ నడవడు, చుట్టు తిరిగి పోతాడు.

"మాస్టారూ, దీనికి ఇంకేం శక్తి ఇమ్మంటారు?"

"ఇచ్చినవి చాల్లేదా?"

"చాలితే ఉత్తరాలు వచ్చేవి కదండీ."

ఆయన పేజీని బల్ల మీద పరిచాడు. ఎనిమిది గళ్ళు. ఒక్కొక్కటే చూశాడు.

"మోచేతులు గీయడం ఇంకా రాలేదు నీకు" అన్నాడు.

తర్వాత తెల్లరంగు సీసా మూత తీశాడు. బ్రష్షు ముంచి మొదటి గడి మీద పూసేశాడు. తారాజువ్వ కొండనెత్తుతున్న గడి అది.

"మాస్టారూ, రెండు రోజుల పనండీ అది."

ఆయన బ్రష్షు మళ్ళీ ముంచాడు. రెండో గడి. మూడోది. మంటలు పోయాయి, విలన్ పోయాడు, చప్పట్లు కొట్టే జనం పోయారు. నసీమా చెయ్యి అడ్డం పెట్టబోయి, ఆయన మొహం చూసి వెనక్కి తీసుకుంది. సాయంత్రం ఆరింటికి పేజీ ఇవ్వాలి. అప్పటికే రెండు దాటింది.

ఐదు గళ్ళు తెల్లబడ్డాయి. ఆరో గడి దగ్గర బ్రష్షు ఆగింది. ఆయన ఆ గడిని వదిలేసి ఏడూ ఎనిమిదీ పూసేశాడు.

"ఇదేంటి?" అన్నాడు, మిగిలిన గడి మీద వేలు పెట్టి.

"అది కథలోది కాదండీ. ఒక గడి తక్కువొచ్చింది. చోటు నింపడానికి ఏదో గీసి పడేశాను."

ఆ గడిలో తారాజువ్వ నీళ్ళ ట్యాంకు మీద కూర్చుని ఉంది. ముసుగు నుదుటి మీదికి తోసుకుని, టిఫిను బాక్సు మూతలో పెరుగన్నం తింటోంది. కింద ఊళ్ళో ఎవరిళ్ళకి వాళ్ళు పోతున్నారు. మాటలు రాయడానికి ఆమె పక్కన విడిచిన చోటు ఖాళీగానే ఉంది.

"ఇవాళ అన్నం ఎక్కడ తిన్నావమ్మా?"

"ఆఫీసు మేడ మీదండీ."

"ఎవరితో?"

"వాళ్ళంతా హోటలుకి పోతారండీ."

 మాస్టారు బ్రష్షు కడిగి, గుడ్డతో తుడిచి, దాని చోట పెట్టాడు.

"మరి ఇక్కడ మాటలెందుకు రాయలేదు?"

"పక్కన ఎవరూ లేరు కదా, ఎవరితో మాట్లాడుతుంది? ఏదన్నా తోస్తే రాద్దామని వదిలాను. తోచలేదు. ఇటివ్వండి, ఇప్పుడు రాసేస్తాను."

నసీమా కలం సిరాలో ముంచింది. మాస్టారు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వదిలెయ్. చదివే పిల్ల వచ్చి అక్కడ కూర్చుంటుంది."

ఆమె కలం కింద పెట్టింది. తెల్లరంగు ఆరడానికి పేజీని కిటికీ దగ్గర పెట్టింది.

ఆరాక పెన్సిలు తీసుకుని మొదటి గడిలో తారాజువ్వ ఇంటి తలుపు గీసింది. లోపల ఎవరూ లేరన్నట్టు, దానికి బయట తాళం వేసింది.