ముడుల అర్జీ

బుట్టలల్లే నూకాలమ్మకు చూపు లేదు. అర్జీ ఇద్దామని మూడు రోజులుగా దివాణానికి వచ్చి, మూసిన తలుపు ముందు పొద్దంతా కూర్చుని, ఎవరూ పలకరించక తిరిగి వెళ్తోంది.

నాలుగో రోజు దివాను ఆమెను చూసి కసిరాడు. "చూపు లేనివాళ్ళు ఎడమ తలుపున రావాలని గోడ మీద మూరెడేసి అక్షరాలు రాయించాను కదా! చదువుకోవద్దూ?"

"తప్పయింది బాబయ్యా," అంటూ ముడులు వేసిన తాడొకటి అతని చేతిలో పెట్టింది. "ఇదీ నా అర్జీ."

దివాను దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "దీన్ని ఎలా చదవడం?"

"అయ్యో, తమరి కోసమని ముడులు మరీ పెద్దవి వేశానే!"

దివాను గోడకేసి చూశాడు. గొంతు తగ్గించి, "నువ్వే చదవమ్మా," అన్నాడు.

ఆమె తాడు తీసుకుని తడిమింది. "ఈ ముడులు చదివే మా ఆయన పోయి మూడేళ్ళయింది. నాతో మాట్లాడే దిక్కు లేదు. నలుగురు తిరిగే చోట పనిప్పించండి."

గోడ మీది రాతంతా కంఠతా పట్టి, వచ్చినవాళ్ళకు దారి చెప్పే పని ఆమెకే దొరికింది. అడుగుల చప్పుడైతే చాలు, "ఎవరు నాయనా?" అని ముందు తనే పలకరించేది. ఎవరూ రానప్పుడు ఒళ్ళోని తాడు తీసి, తనకు తనే చదువుకునేది.