అరవైలో ఒక బెజ్జం

నేను చేసిన పెట్టెకి లెక్కపెట్టడం వచ్చు. ఎక్కడ మొదలెట్టాలో మాత్రం తెలీదు. నా బాధల్లా అదే.

మాది గాజువాక ఆటోనగర్‌లో దాడి సూర్యారావు గారి షాపు. అందులో ఖాదర్ బాషా ఉస్తాద్ ముప్పై ఒక్క ఏళ్ళుగా నడుపుతున్న లేత్ మిషను ఉంది. దాని చక్, అంటే ఇనప ముక్కని బిగించి తిప్పే చక్రం, ప్రతిసారీ ఒకే గుర్తు దగ్గర ఆగితే కొత్త ఆర్డరు మాకొస్తుంది. ఆగకపోతే ఓనరు కొత్త మిషను తెస్తారు, ఇది తుక్కులోకి పోతుంది. తుక్కు కొట్టువాడు అప్పటికే వచ్చి, దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూసుకుని వెళ్ళాడు. శుక్రవారం పదకొండింటికి చూస్తానన్నారు ఓనరు.

దాన్ని ఆపించే పని నా నెత్తి మీద పడింది. పడటమేంటి, నేనే ఎగబడి వేసుకున్నాను. ఎలక్ట్రానిక్స్ డిప్లమా చేసిన పైడితల్లిని కదా, ఆ షాపులో నా అంత చదివినవాళ్ళు ఎవరూ లేరు. ఆ సంగతి రోజుకి రెండుసార్లయినా అందరికీ గుర్తు చేసేదాన్ని.

ఉపాయం చిన్నదే. చక్ వెనకాల ఒక పల్చటి బిళ్ళ, దాని అంచు చుట్టూ అరవై బెజ్జాలు. ఒక పక్క దీపం, రెండో పక్క వెలుగుని పసిగట్టే సెన్సరు. బిళ్ళ తిరుగుతుంటే ఒక్కో బెజ్జంలోంచి వెలుగు పడుతుంది, సెన్సరుకి తగిలించిన నా పెట్టె లెక్కేసుకుంటుంది. అరవై అయితే ఒక చుట్టు. అక్కడ మోటారుకి బ్రేకు వేస్తుంది.

గురువారమంతా బాగానే ఆడింది. కరెంటు పోయి వచ్చిందంటే మాత్రం అన్నీ మర్చిపోయేది. అప్పుడు చక్ ఎటు తిరిగి ఉంటే అదే మొదలనుకునేది.

"గుండ్రంగా తిరిగేదానికి మొదలు ఎక్కడుంటుంది ఉస్తాద్?" అనడిగాను విసుగ్గా.

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ముందు టీ తాగమ్మా," అన్నారు. ఐదో తరగతితో చదువాపేసిన మనిషిని అడగడం నాదే తప్పు అనుకున్నాను.

శుక్రవారం పొద్దున్న ఇంకో దెబ్బ. గుర్తు దగ్గర ఆగాల్సిన చక్ ఒక బెజ్జం దాటి ఆగింది. మళ్ళీ తిప్పితే రెండు బెజ్జాలు దాటింది, ఆ తరవాత మూడు. ప్రోగ్రాం మూడుసార్లు చదివాను. వైర్లన్నీ పీకి మళ్ళీ అతికించాను. పది దాటింది. ఇక ఏడవడమొక్కటే తక్కువ.

"నా లెక్కలో తప్పులేదు ఉస్తాద్. ఈ ముసలి మిషనే వణుకుతోంది. దీనికి ఎంత చేసినా ఇంతే," అనేశాను.

అన్నాక నాలిక్కరుచుకున్నాను. ఆయన మోటారు బెల్టు ఊడదీసి పక్కన పెట్టారు. స్టూలు లాగి నన్ను పెట్టె ముందు కూచోమన్నారు.

"నేను తిప్పుతాను. పెట్టె మీద లైటు వెలిగినప్పుడల్లా పైకి లెక్కపెట్టు."

"అది పెట్టె చేసే పని కదా!"

"ఇవాళ నువ్వు చెయ్యి."

చక్‌ని రెండు చేతులా పట్టుకుని నిదానంగా తిప్పారు. ఒకటి, రెండు, మూడు. నేను ఒకటో తరగతి పిల్లలా అరుస్తుంటే పక్క మిషను మీద అప్పన్న ఒకటే నవ్వు. నాకు తల తీసేసినట్టయింది. గుర్తు తిరిగి పైకొచ్చేసరికి యాభై తొమ్మిదే అయ్యాయి.

"మళ్ళీ," అన్నారు ఉస్తాద్.

ఈసారి మనసు పెట్టి చూశాను. ఇరవై రెండు తరవాత లైటు వెలగలేదు. ఆయన చెయ్యి అక్కడే ఆపారు.

వంగి చూస్తే ఏముంది, బెజ్జం నిండా పసుపు, దాని మీద కుంకం.

శుక్రవారం పని మొదలెట్టే ముందు ఎవరి మిషనుకి వాళ్ళు పసుపు రాసి బొట్టు పెట్టడం మా షాపులో అలవాటు. ఈ మిషనుకి ఆవేళ పెట్టింది నేనే.

"ఇదేటమ్మా?"

"బొట్టు ఉస్తాద్."

"బొట్టు మిషనుకి కదా పెడతారు?"

తల దించుకున్నాను. "నేను చేసింది కదా అని... బిళ్ళకి ఒక్కదానికే పెట్టాను."

ఆయనకి నవ్వాగలేదు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వారు. "దీపం పెట్టిందీ నువ్వే, దానికి అడ్డం పెట్టిందీ నువ్వేనా!" అన్నారు. అప్పన్న పని మానేసి వచ్చి చూసి కింద కూలబడ్డాడు. కాసేపటికి నాక్కూడా నవ్వు తన్నుకొచ్చింది. పొద్దుట్నించీ గుండెల మీదున్న బరువంతా దిగిపోయింది.

పిన్నీసు తీసి పసుపు గీకెయ్యబోయాను. ఉస్తాద్ చెయ్యి అడ్డం పెట్టారు.

"నిన్న నన్ను ఏటో అడిగావు కదా," అన్నారు.

బెజ్జం వంక చూశాను. చుట్టు మొత్తం మీద వెలుగు రానిది అక్కడొక్కచోటే. కరెంటు పోయినా, ఎవరు ఎటు తిప్పినా, ఆ చోటు ఎక్కడికీ పోదు. నేనడిగిన మొదలు అదే. టీ తాగమన్న మనిషి రాత్రంతా నా ప్రశ్ననే మోసుకు తిరిగారన్నమాట.

పసుపు నూనెకి కరిగిపోతుందని ఆయన దాన్ని తుడిచేసి, చిన్న అల్యూమినియం ముక్క అరగదీసి ఆ బెజ్జంలో బిగించి, బెల్టు మళ్ళీ ఎక్కించారు. నేను ప్రోగ్రాం మార్చాను. ముందు ఆ చీకటి చోటు వెతుక్కో, లెక్క అక్కణ్ణించి మొదలెట్టు. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

ఓనరు సరిగ్గా పదకొండింటికి వచ్చారు. స్విచ్ కట్టేశారు. చక్‌ని చేత్తో ఇష్టమొచ్చినట్టు తిప్పి వదిలారు. స్విచ్ వేశారు. చక్ నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి వచ్చి గుర్తు దగ్గర నిలబడింది. ఆరుసార్లు చూశారు, ఆరుసార్లూ అక్కడే. ఆయన అక్కడే నిలబడి ఫోను తీసి తుక్కు కొట్టువాణ్ణి రావద్దన్నారు. అప్పన్న ఈల వేశాడు. ఉస్తాద్ మిషను మీద అరచెయ్యి వేసి నిలబడ్డారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఓనరు వంగి బిళ్ళని చూస్తూ, "అదేంటి, ఒక బెజ్జం మూసుకుపోయింది? పాడయిందా?" అన్నారు.

జరిగిందంతా చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈలోపే ఉస్తాద్ అందుకున్నారు.

"పాడవలేదు సార్. దాన్ని బట్టే మిగతా యాభై తొమ్మిదికీ తమ చోటు తెలుస్తుంది. మూసింది మా పైడితల్లే."