ఇంటి గొడవ

ఏటికి అవతల కొండమీద తోడేళ్ళు అన్నదమ్ములిద్దరూ ఈ కొండ నాదంటే నాదని కొట్టుకుంటున్నారు. కొట్టుకు చావనీ, ఎవరికి కావాలి? కానీ ఆ పళ్ళు ఒకరి మీద ఒకరు వాడుకుంటేగా! రోజూ చచ్చేది మాత్రం కుందేళ్ళు. ఉన్న ఒక్క నీళ్ళ చెలమ దగ్గరా పెద్ద తోడేలు కాపలా కూర్చుంది.

ఒక తల్లి కుందేలు ప్రాణాలకు తెగించి, ఏరు ఈదుకుంటూ ఇవతలి అడవిలోకొచ్చి పడింది.

"అయ్యలారా! పిల్లలు బొరియల్లో దాహంతో అల్లాడిపోతున్నారు. ఎవరైనా రండి!"

వెంటనే సభ పెట్టారు. సభలకేం లోటు! ఏనుగు అధ్యక్షుడు. "తీవ్రంగా బాధపడుతున్నాం" అనాలా, "మిక్కిలి బాధపడుతున్నాం" అనాలా అని ఎలుగుబంటీ దుప్పీ పొద్దు వాలేదాకా వాదించుకున్నాయి. కుందేలు పాపం వాటి నోళ్ళకేసే చూస్తూ కూర్చుంది.

చివరికి తోడేళ్ళ తరఫున నక్క లేచింది. "ఏనుగు మామా, పెద్దవాడివి, నీకు తెలియందేముంది? ఇది వాళ్ళ ఇంటి గొడవ. బయటివాళ్ళు తలదూర్చడం మర్యాదేనా?"

"అదీ నిజమే," అంది ఏనుగు. సభంతా తలూపింది. ఈ కథ చెబుతున్న నాకే ఒళ్ళు మండిపోతోంది.

మందతో మేతకొచ్చిన ఊరి గేదె ఒకటి వెనకాల నెమరేస్తూ వింటోంది. "నక్క మరిదీ, ఒక్క మాట. ఇది ఇంటి గొడవేనంటావా?"

"ముమ్మాటికీ ఇంటి గొడవే వదినా!"

"అందరూ విన్నారుగా? మావైపు పక్క దొడ్లో అన్నదమ్ములు కుమ్ముకుంటే, ముందు దూడల్ని మా దొడ్లోకి తోలుకొచ్చి పాలు పడతాం. తగువు సంగతి ఆ తర్వాత. పదండి, పిల్లల్ని తెచ్చుకుందాం."

నక్క నీళ్ళు నమిలింది. "అబ్బే, అంటే... అచ్చంగా ఇంటి గొడవని కాదులే..."

"కాదా? అయితే ఊచకోతన్నమాట! అలాగైతే మనం ఇక్కడ కూర్చోవడమే తప్పు. ఏదో ఒకటి తేల్చు మరిదీ."

నక్క తోక ముడిచి పక్కకి జరిగింది. ఏనుగు సిగ్గుతో లేచి ఏట్లోకి దిగింది. వెనకాలే గేదెల మంద. కొమ్ములు బయటికి పెట్టి అవి చెలమ చుట్టూ నిలబడితే, తోడేళ్ళు గుర్రుమన్నాయేగానీ దగ్గరికి రాలేదు. కుందేలు పిల్లలు కడుపునిండా నీళ్ళు తాగి, గేదెల వీపులెక్కి ఏరు దాటాయి.

తల్లి కుందేలు తన పిల్లల్ని ఒక్కొక్కదాన్నే మూతితో తడిమి చూసుకుంది. ఒకటి లేదు. ఆ మధ్యాహ్నం, సభ జరుగుతుండగానే, దాహంతో పోయిందట. ఎలుగుబంటీ దుప్పీ తలలు దించుకున్నాయి. తల్లి మిగతావాటిని పొట్టకింద పొదువుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కాసేపటికి ఆ పిల్లలు లేచి పచ్చగడ్డి కొరుకుతుంటే చూసి కళ్ళు తుడుచుకుంది.

నక్క మెల్లగా వచ్చింది. "వదినా, వీళ్ళని తిరిగి ఎప్పుడు పంపిస్తారు?"

"మీ ఇంటి గొడవ సద్దుమణిగాక," అంది గేదె, గడ్డి నములుతూనే.

నీతి: గొడవకు పేరు తర్వాత పెట్టుకోవచ్చు, ముందు పిల్లల్ని బయటికి తెచ్చుకోవాలి.