బంగారయ్య విరిచిన మూడో పిన్ను

మధ్యాహ్నం మూడు గంటలు. సన్నగా ముసురు పడుతోంది. ఇప్పలగడ్డ అడవిలో ముంగిసలు, కుందేళ్ళు, దుప్పులు, కోతులు కలిసి ఉండేవి. పిల్లల చదువు కోసం అవన్నీ కూడి కొండగుహలో ఒక కంప్యూటరు పెట్టుకున్నాయి.

దాని బాగోగులు చూసేది బంగారయ్య అనే కోతి. బొమ్మలు జోరుగా కదలాలని ఆ రోజే అందులో పెద్ద గ్రాఫిక్స్ కార్డొకటి బిగించింది. వచ్చిన ఏడు పిల్లలూ ఆటలో మునిగిపోయాయి.

నూకాలు అనే ముంగిస తన నాలుగు పిల్లల్ని తీసుకుపోదామని వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. ఏదో మాడు వాసన.

"తమ్ముడూ, ఇంత కార్డుకు నీ పవర్ సప్లై చాలుతుందా?"

"450 వాట్లని ఎంత పెద్దగా రాసి ఉందో చూడక్కా! అన్నీ కలిపినా నాలుగు వందలు దాటదు," అని కోతి పెట్టెను తట్టింది.

నూకాలు వంగి, స్టిక్కరు కింద ఉన్న చిన్న అక్షరాలు చదివింది. "ఈ కార్డు, ప్రాసెసరు తినేది పన్నెండు వోల్టుల తీగ మీది కరెంటు. దానికి పద్దెనిమిది ఆంపియర్లే రాశారు. పన్నెండు పద్దెనిమిదులు రెండు వందల పదహారు వాట్లు. ఆ రెండింటికే మూడు వందలు కావాలి కదా?"

"ఎక్కాలు ఇంట్లో పిల్లలకు చెప్పుకో. లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది. ఇంకేం కావాలి?"

నూకాలు చూపు ప్లగ్గు మీద పడింది. "మూడో పిన్నేదీ?"

"బోర్డుకు రెండే కన్నాలు. అడ్డమని విరిచేశాను. అది ఉత్తి అలంకారమేలే!"

నూకాలు గబగబా పిల్లల దగ్గరికి నడిచింది. "పెట్టెకు కరెంటు తగిలితే నేలలోకి పంపేది ఆ పిన్నే. పిల్లలూ, లేవండి. అందరూ బయటికి."

"ఆట మధ్యలోనా?" అని దుప్పి పిల్ల మారాం చేసింది.

"మధ్యలోనే."

"ఎంత పిరికిదానివక్కా!" అని నవ్వి, కోతి ఆట జోరు ఇంకా పెంచింది.

చివరి కుందేలు పిల్ల గడప దాటిందో లేదో, లోపల ఠప్పుమంది. పొగ లేచింది. కోతి కంగారుగా చెమట పట్టిన చేత్తో ఇనప పెట్టెను పట్టుకుంది. చెయ్యి అతుక్కుపోయింది. అరుపు కూడా రాలేదు.

నూకాలు దాన్ని తాకలేదు. పరుగున వెళ్ళి మెయిన్ స్విచ్చి దించింది. కోతి కింద పడింది. అరచెయ్యి కాలింది, ప్రాణం దక్కింది.

"నువ్వు చెప్తూనే ఉన్నావక్కా..."

"మాట్లాడకు. ఊపిరి తీసుకో."

ఆ సాయంత్రమే పెద్దలు గుహ తాళం నూకాలు చేతిలో పెట్టారు. "మూడు కన్నాల బోర్డు, నేలలోకి పోయే ఎర్తు తీగ, సరిపడా పవర్ సప్లై వచ్చాకే తలుపు తీస్తాను," అంది.

తర్వాత పిల్లల్ని ఒక్కోదాన్నీ గూటికి చేర్చింది. దుప్పి పిల్ల ఒకటి. కుందేలు పిల్లలు రెండు. తన బొరియలో నాలుగు. మొత్తం ఏడు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఏడు.

నీతి: వెలుగుతున్నంత మాత్రాన క్షేమమనుకోకూడదు, చిన్న అక్షరాలు చదివి, లెక్క సరిచూసుకున్నాకే స్విచ్చి వెయ్యాలి.