నూకాలు గీసిన నవ్వు

ఊఁ కొడుతూ ఉంటేనే కథ నడుస్తుంది. ఊఁ ఆగితే అదీ చతికిలపడుతుంది.

అనగనగా, సముద్రం ఊరికి ఇప్పటికన్నా దూరంగా ఉన్న కాలంలో, ఒక జాలరిపేట. ఆ పేటలో నూకాలు అని చేపలమ్ముకునే మనిషి. నెత్తిన గంప, నోట్లో మాట, రెండూ ఎప్పుడూ నిండుగానే ఉండేవి.

రోజూ కోట పెరటి గుమ్మం దగ్గర గంప దించేది. ఆ కోటలో వీరభద్రాచారి అని బొమ్మలు వేసే ఆయన ఉండేవాడు. రాజుగారి కొత్త సావడికి దేవతలవీ, పురాణాల్లో ఆడవాళ్ళవీ బొమ్మలు వెయ్యాలి. చూసి వెయ్యడానికి ఎదురుగా ఒక ఆడమనిషి నిలబడాలి. కోటలో ఆడవాళ్ళు నిలబడరు. ఊళ్ళో ఆడవాళ్ళని మగవాళ్ళు నిలబడనివ్వరు. నూకాలుకి అడ్డం చెప్పే మొగుడు లేడు, ఉన్నా వినే రకం కాదు.

"ఊరికే నిలబడ్డానికి కూడా మనిషి కావాలా బాబూ?" అని నవ్వి ఒప్పుకుంది.

ముందు దమయంతి అయింది. హంస దొరక్క చేతికి బాతునిచ్చారు. అది కాస్తా చీర పాడుచేసింది. తర్వాత శకుంతల అయింది. కాల్లో ముల్లు తీసుకుంటున్నట్టు ఒంటికాలి మీద నిలబడి నిలబడి, ఇంటికి కుంటుకుంటూ వెళ్ళింది. ఆ తర్వాత గంగమ్మ అయింది. గాబులో మొలలోతు నీళ్ళల్లో నిలబెట్టేసరికి, గంగమ్మవారు తుమ్మారు.

"కదలకే. గంగ తుమ్మదు" అన్నాడు ఆచారి.

"గాబులో నిలబెడితే ఆ తల్లయినా తుమ్ముద్ది బాబూ."

బొమ్మలు చూసినవాళ్ళందరూ ఆహా అన్నారు. ఎవరిని చూసి వేశావని మాత్రం ఒక్కరూ అడగలేదు. నూకాలూ పట్టించుకోలేదు. ఆమె బెంగ వేరే ఉంది.

నూకాలుకి పైడి అని ఒక చెల్లెలుండేది. అక్క చంకలోనే పెరిగింది. జ్వరమొచ్చి చిన్నప్పుడే పోయింది. ఇప్పుడు వాళ్ళమ్మ గరగమ్మ కళ్ళకి పొర కమ్ముతోంది. ఒక సాయంత్రం ముసల్ది నోట్లోంచి అడ్డచుట్ట తీసి, "దాని మొకం నాకు గుర్తు రావట్లేదే నూకాలూ. ఈ కాస్త చూపు ఉండగానే ఒక్కసారి చూస్తే బాగుణ్ణు" అంది.

నూకాలు కళ్ళు మూసుకుంది. చెల్లెలి జడ కనిపించింది. చిరుగుల పరికిణీ కనిపించింది. మొహం మాత్రం తడి ఇసకలో అడుగులా చెరిగిపోతోంది.

మర్నాడు ఆచారితో, "ఈసారి నాకు కూలొద్దు బాబూ. మా పైడిని వేసిపెట్టు" అంది.

ఆచారి మంచివాడే. ఎలా ఉండేదో అడిగాడు, విన్నాడు, వేశాడు.

"బాగుంది బాబూ. కానీ ఇది లక్ష్మీదేవి. మా పైడి కాదు."

మళ్ళీ వేశాడు.

"ఇది సరస్వతి బాబూ. మా పైడి కాదు."

మళ్ళీ వేశాడు.

"ఇది పార్వతి. పక్కన వినాయకుడొక్కడే తక్కువ. మా పైడి కాదు. దానికి ఎత్తుపళ్ళు బాబూ, నవ్వితే చిగుళ్ళు కూడా కనపడేవి. అవి వెయ్యి."

ఆచారి కుంచె పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తాతలనాటి నుంచీ వాళ్ళింట్లో నేర్చింది దేవతల కొలతలు. కళ్ళు తామర రేకులు, ముక్కు నువ్వుపువ్వు, నోరు మూసి చిరునవ్వు. పళ్ళు కనిపించేది రాక్షసులకే. అందుకని ఆయన పళ్ళు వెయ్యబోతే కోరలొచ్చాయి.

"నా చేతికి ఆ నవ్వు తెలీదే" అన్నాడు చివరికి. రంగుచిప్పలు ఆమె ముందుకు తోశాడు. "తీసుకెళ్ళి నువ్వే వేసుకో."

"నాకు చేపలు కొయ్యడమే వచ్చు బాబూ."

"ఇన్నాళ్ళూ నా ఎదురుగా నిలబడి ఏం చూశావు మరి?"

"నీ చెయ్యే చూశాను. కదలనిస్తేగా, ఇంకోటి చూడ్డానికి."

నూకాలు ఇంటిగోడకి సున్నం కొట్టి మొదలుపెట్టింది. ఒకసారి వేస్తే గుమ్మడికాయలా వచ్చింది, తుడిచేసింది. మళ్ళీ వేస్తే గుడ్లగూబలా వచ్చింది, తుడిచేసింది. పేటంతా వచ్చి గుమిగూడారు.

"బంగారుతల్లి, మహాలక్ష్మిలా ఉండేది" అంది ఒకావిడ కళ్ళొత్తుకుంటూ.

"మహాలక్ష్మి కోటలో ఉంది పిన్నీ. మంచిమాటలొద్దు. అది మిమ్మల్ని ఏం ఏడిపించిందో చెప్పండి."

ముందు ఒకామె, "నా ఎండుచేపలు దొంగిలించి, బుగ్గలో దాచుకుని, లేదత్తా అనేది" అంది. నూకాలు ఉబ్బిన బుగ్గ వేసింది. "నా పడవ ఎక్కొద్దంటే ఎక్కి, కనుబొమ్మ పగలగొట్టుకుంది" అన్నాడొకాయన. కనుబొమ్మ మీద గాటు పడింది. "మా మాఁవ నడక నడిచి చూపించి, పగలబడి నవ్వేది గుంట" అంది ఇంకొకామె. నోరు తెరుచుకుంది, ఎత్తుపళ్ళు వచ్చాయి, చిగుళ్ళు వచ్చాయి.

గరగమ్మ ముక్కు గోడకి తగిలేంత దగ్గరగా వచ్చింది.

"చెవులు చేటలు. చేతులు చీపుళ్ళు" అంది. గోడమీద నోటి దగ్గర వేలు పెట్టి, మెల్లగా, "నోరు ముయ్యవే పైడీ, ఈగలు దూరతాయి" అంది.

నూకాలు కుంచె కిందపెట్టి, ఏడుపూ నవ్వూ కలిపి కానిచ్చింది.

అప్పట్నుంచి ఎవరు పోయినా నూకాలే వేసేది. రంగులు నిండుకుంటే ఆచారే పంపేవాడు. అలా ఎన్నో గోడలు నిండాయి. చివరికి ఒకరోజు నూకాలూ వెళ్ళిపోయింది. మరి నూకాల్ని ఎవరు వెయ్యాలి?

కోటలో ఉంది కదా అని పేటవాళ్ళంతా కలిసి వెళ్ళారు. దమయంతిని చూశారు, శకుంతలని చూశారు, గంగమ్మని చూశారు.

"ఇందులో ఎవరూ నూకాలు కాదర్రా" అన్నాడొక ముసలాయన. "నోరు మూసుకుని ఉన్నారు."

తిరిగొచ్చి గోడముందు కూర్చున్నారు. "నా పెళ్ళిలో నా మొగుడి ముక్కు మీద పాట కట్టింది" అని ఒకామె ఒక గీత గీసింది. "నాతో నిష్కారణంగా పోట్లాడి, నిష్కారణంగా కూర పంపింది" అని ఇంకొకామె ఇంకో గీత గీసింది. ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందకి వచ్చాయి. నోరు మాత్రం చెవులదాకా వచ్చింది. అందరూ వెనక్కి జరిగి చూశారు. అది నూకాలే.

ఈనాటికీ ఆ పేటలో ఎవరైనా పోతే, పెద్దకర్మ అయ్యాక గోడకి సున్నం కొట్టి చుట్టూ కూర్చుంటారు. తలా ఒక తప్పు చెప్పి, తలా ఒక గీత గీస్తారు. పొరపాటున ఎవరైనా "దేవతలాంటి మనిషి" అన్నారో, "ఆ మాట కోటలో చెప్పుకోండి, ఇక్కడ మనిషి కావాలి" అంటారు.

కథ గోడెక్కింది, మనం చాపెక్కుదాం.