మామగారి పక్కన ఖాళీ పీట

దీవెనా, కాళ్ళు ఆడించకు. ఒరేయ్ నెహెమ్యా, చెల్లెలికి కాస్త దుప్పటి వదలరా. ఉండండి, పాల మీద మూత పెట్టానో లేదో చూసొస్తా... ఆఁ, పెట్టాను.

అనగనగా ఒక ఊళ్ళో ఒక రాజు. కిరీటం రాజు కాదర్రా, పంచె ఎగ్గట్టి పొలంలో దిగే రాజు. ఆయనకో కోడలు, రత్నమణి. పొయ్యి ఆర్పకుండా గడప దాటొద్దమ్మా అని రాజు ఒకే ఒక్క మాట చెప్పాడు. వింటేనా! మంట అలాగే వదిలేసి పక్కింటికి కబుర్లకి పోయింది. నిప్పురవ్వ ఎగిరి వడ్ల గాదె అంటుకుంది. ఊ కొడుతున్నారా?

రాజే పరిగెత్తుకొచ్చి ఉత్త చేతుల్తో ఆర్పాడు. అరచేతులు రెండూ కాలిపోయాయి పాపం. పుట్టింటికి తోలేస్తాడని కోడలికి ఒకటే భయం. ఆయన తోలెయ్యలేదు. క్షమించానమ్మా, ఇకనుంచి రోజూ నా పక్కన పీటేసుకుని అన్నం తిను, నువ్వు వినాల్సిన మాట ఇదొక్కటే అన్నాడు. మామగారి పక్కన కోడలు కూర్చుని తినడమా! ఎక్కడైనా ఉందా? అందుకే దానికి మనసొప్పలేదు. చేసిన తప్పుకి సరిపడా చాకిరీ చేశాక కూర్చుంటాలే అనుకుంది.

ఇంక చూడండి. దంచితే చెరగాలి, చెరిగితే కడగాలి, కడిగితే వండాలి, వండితే తోమాలి, తోమితే మళ్ళీ దంచాలి. రాజు పిలుస్తాడు, ఇది వస్తున్నానంటుంది, రాదు. పీట ఖాళీ. మర్నాడూ దంచితే చెరగాలి, చెరిగితే కడగాలి... పీట ఖాళీ. నిలబడి రెండు మెతుకులు నోట్లో వేసుకునేది. చిక్కి సగమైపోయింది. ఉండండుండండి, తలుపు గడియ పడలేదనుకుంటా... పడిందిలే.

ఎక్కడున్నాం? ఆఁ, పీట. దాని కూతురు చిట్టి, నీ అంతే ఉంటుంది దీవెనా, ఒకరోజు మజ్జిగ ముంత పగలగొట్టింది. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. పోనీలే, వచ్చి తిను అంది. అది వస్తేనా! చీపురు పట్టుకుని ఊడ్చిందే ఊడుస్తోంది. ఏడుస్తోంది, ఊడుస్తోంది. కళ్ళు తిరిగి పడబోయింది. అమ్మ ఒళ్ళోకి లాక్కుని, నిన్ను తినమన్నానా ఊడవమన్నానా అని కేకలేసింది. పిల్ల వెక్కుతూ అడిగింది.

"మరి తాతయ్య నిన్ను దంచమన్నాడా?"

అంతే! రత్నమణి లేచింది. పిల్లని చంకనేసుకుని వెళ్ళి ఆ పీట మీద కూర్చుంది. రాజు ఆ కాలిన చేతుల్తోనే అన్నం కలిపి ఇద్దరికీ ముద్దలు పెట్టాడు. రత్నమణి ఏడుస్తూ తింది, తింటూ ఏడ్చింది. మర్నాడు దంచలేదా అంటే, దంచింది. తప్పు తీర్చుకోవడానికి కాదు, ఆయన మీద ప్రేమకొద్దీ. పొయ్యి ఆర్పకుండా మాత్రం మళ్ళీ గడప దాటలేదు.

ప్రభువు కృపంటే అదేనర్రా. నీతి మనం దంచి చెరిగి సంపాదించుకునేది కాదు, ఆయన వడ్డించేది. రమ్మన్నప్పుడు వెళ్ళి కూర్చోవడమే విధేయత, తక్కిన పని ఆ తరవాత. కథ కంచికెళ్ళింది, మీరు దుప్పట్లోకెళ్ళండి. ప్రార్థన చేసుకుని పడుకోండి, నాకింకా గిన్నెలున్నాయి.

ఏంటే దీవెనా? అన్నం తిన్నానా అనా?

లేదే. గిన్నెలు తోమేసి తిందామని... అబ్బ, చెంగు వదలవే! సరే, వస్తున్నా, ముందు తింటాలే. ఆ పీట ఇలా వెయ్యి.