తల్లి పక్కన ఖాళీ

జపాన్‌లో ఒక కొండపల్లె. అక్కడి గుడిలో గోడ పొడవునా ఒక పాత బొమ్మ ఉండేది. ఏటా దుక్కులు ముగిశాక గుర్రాలకు గంటలు కట్టి, పట్టు కప్పి, గుడికి నడిపించే పండగ బొమ్మ అది. ఒక చివర కవచాలు తొడిగిన రౌతుల కాలం, మధ్యలో ప్రభువుల కాలం, ఈ చివర రైతుల కాలం. తరానికొకసారి చిత్రకారుడు వచ్చి తన కాలపు గుర్రాన్ని ఒకదాన్ని చేర్చేవాడు. అన్నిటికన్నా చివర ఉన్నది హయతె అనే గుర్రానికి తల్లి. దాని పక్కన ఇంకొక్క గుర్రానికి చోటుంది.

ఈసారి పండగకు చిత్రకారుడు వస్తున్నాడని తెలిసింది మొదలు హయతె మనసంతా ఆ చోటు మీదే.

అది పసిగట్టి నక్క కొట్టం దగ్గరకు వచ్చింది. "అల్లుడూ, ఆ బొమ్మలో గుర్రాలు ఎలా మెరుస్తాయో చూశావా? నువ్వేమో రొమ్ము మీద ఆ బోడి మచ్చతో వెళ్తావా?"

"నాగలి పట్టీ ఒరుసుకుని వెంట్రుకలు ఊడిపోయాయి మామా. ఏం చెయ్యను?"

"కాలు నొప్పని కుంటు. ఈ దుక్కులకు కొట్టంలోనే పడుకో. పండగనాటికి వెంట్రుకలు నున్నగా మొలుస్తాయి. నీకు పెట్టే ఉడికించిన గింజలు మాత్రం ముట్టకు, పొట్ట పెరుగుతుంది. అవి పాడవకుండా నేను చూసుకుంటాలే."

హయతె కుంటింది. దాని వాటా చేను కూడా అదే కొట్టంలో ఉండే ఎద్దు దున్నింది.

ఒక సాయంత్రం ఎద్దు అంది: "తమ్ముడూ, గుడి మరమ్మతుకు కలప లాగినప్పుడు ఆ బొమ్మను దగ్గరగా చూశాను. మీ అమ్మ రొమ్ము మీద..."

"గుమ్మం బయటినుంచి నేనూ ఏటా చూస్తున్నాను. ఎద్దులకు పండగ లేదని నీ ఏడుపు!"

ఎద్దు తన గడ్డి వైపు తిరిగింది.

పండగ రోజున చిత్రకారుడు హయతె మీది పట్టు పైకెత్తి, రొమ్మంతా అరచేత్తో తడిమాడు. "ఏమయ్యా, ఇది ఈ ఏడు దున్నిందా?"

"కాలు బాగాలేదని వదిలేశామండీ," అన్నాడు రైతు తల దించుకుని.

"అయితే దీన్ని వెయ్యలేను. దున్నిన గుర్రానికి దండం పెట్టే పండగ ఇది."

పక్కింటి బక్క గుర్రాన్ని పిలిచాడు. దాని రొమ్ము మీద అరచెయ్యంత బోడి మచ్చ.

హయతెను తీసుకెళ్ళి గోడ పక్కన కట్టేశారు. అప్పుడు చూసింది బొమ్మను దగ్గరగా. రౌతు గుర్రానికి జీను ఒరిసిన మచ్చ. ప్రభువు గుర్రానికి బండి పట్టీ మచ్చ. అన్నిటికన్నా పెద్దది తల్లి రొమ్ము మీద, పట్టు అంచు కింద, ఒక్కో గీతా శ్రద్ధగా దిద్ది ఉంది.

తిరిగి వచ్చే దారిలో నక్క ఎదురైంది, పొట్ట నిండుగా.

"నన్ను ముంచావు కదా మామా!"

"నేనేం చేశాను అల్లుడూ? వెంట్రుకలు కావాలన్నావు, వచ్చాయిగా!"

కొట్టంలో ఎద్దు నెమరు వేస్తూ అడిగింది: "చూశావా?"

"చూశానన్నా. నువ్వు చెబుతున్నప్పుడు వినాల్సింది."

మరుసటి ఏడు హయతె పిలవకముందే నాగలి దగ్గర నిలబడింది. మచ్చ మళ్ళీ పడింది. కానీ తల్లి పక్కన చోటు నిండిపోయింది. చిత్రకారుడు మళ్ళీ వచ్చేనాటికి హయతె ఉండదు.

కష్టం వేసిన మచ్చకు సిగ్గుపడి చెరుపుకున్నవాడు, ఆ కష్టానికి దక్కాల్సిన గౌరవాన్ని తన చేతులతోనే చెరుపుకుంటాడు.